గోడ లేని షెడ్డుకు సున్నం

గోడలకు సున్నం వేయించలేదని సాల్మన్ మీద కేసు పెట్టారు. అతని షెడ్డుకు గోడలు లేవు.

నాలుగు మూలలా ఇనుప పైపులు, పైన రేకులు, పడమటి ఎండ కొట్టకుండా వెనక కట్టిన పాత లారీ టార్పాలిన్. జహీరాబాద్‌లో హైవే దిగి న్యాల్‌కల్ వైపు మళ్లేచోట, మహాదేవప్ప ఇనుప సామాన్ల దుకాణానికి ఆనుకుని ఉండేది ఆ వెల్డింగ్ షెడ్డు. గాలి ఇటునుంచి వచ్చి అటునుంచి పోయేది. కుక్కలు కూడా చుట్టూ తిరగడం ఎందుకని దాని మధ్యలోంచే పోయేవి. అలాంటిదానికి గోడలున్నాయనీ, వాటికి సున్నం పడి ఎంతకాలమైందో లెక్క లేదనీ ఒక ఇన్‌స్పెక్టరు కాగితం మీద రాశాడు. ఆయనకు చూపు లేక కాదు. కాగితంలో ఆ గడి ఉంది, నింపాడు.

అదొక్కటే అయితే సాల్మన్ కూడా నవ్వుకునేవాడేమో. పనివాళ్లు పదిమందికి పైనే ఉన్నారని కింది గడిలో రాశాడు. పదిమంది దాటితే చిన్న షెడ్డు కాస్తా ఫ్యాక్టరీ అవుతుంది. ఫ్యాక్టరీ అయితే రిజిస్టర్లు కావాలి, బోర్డులు కావాలి, గోడలకు సున్నం కావాలి.

సాల్మన్ దగ్గర పనిచేసేది ఇద్దరే. కానీ ఆ తావున వెల్డింగ్ పని జరిగే తీరే వేరు. కల్టివేటర్ విరిగిన రైతు దాన్ని దింపేసి చాయ్ తాగడానికి పోడు. పని తెచ్చినవాడే రెండో కొస పట్టుకోవాలి. రాయికోడ్ నుంచి వచ్చినాయన ఇనుప యాంగ్లర్ బద్ద పట్టుకుంటే ఆయన బామ్మర్ది గ్రైండర్ తిప్పుతాడు. తన వంతు కోసం కూర్చున్న ఇంకో ఊరాయన, ఊరికే ఎట్లా కూర్చోవడమని, సుత్తి అందుకుని పక్కవాడి పట్టీ వంకర తీస్తాడు. దానికి మజూరీ తగ్గేదేమీ ఉండదు. సొంత చెయ్యి పడని అతుకు పొలంలో నిలవదని వాళ్ల నమ్మకం. అల్లం తవ్వకాలు మొదలయ్యే రోజులవి. షెడ్డు నిండా మనుషులు, అందరి చేతుల్లో ఏదో ఒకటి. ఇన్‌స్పెక్టరు జీపు దిగకుండానే వేలు ఆడిస్తూ లెక్కపెట్టుకున్నాడు.

మహాదేవప్ప కొడుకు వీరేశ్ అప్పుడే కొత్తగా గల్లా మీద కూర్చుంటున్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని సాల్మన్ జీపు పక్కన పరుగెత్తడం అతను చూశాడు.

"సార్, వీళ్లు నా పనోళ్లు కాదు. గిరాకులు."

"గిరాకులైతే చేతులు నల్లగ ఎందుకున్నయ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. జీపు కదిలింది.

ఆయన ఇంకేమైనా ఆశించాడేమో, అందరికీ తెలిసిన దారిలో ముగించుకుని ఉండవచ్చేమో. మహాదేవప్ప ఆ మాటే చెప్పి చూశాడు. సాల్మన్‌కు అది చేతకాలేదు. నీతి అడ్డొచ్చి కాదు, అలాంటి మాట ఎట్లా మొదలుపెట్టాలో అతనికి తెలియదు. సమన్లు వచ్చాయి. వాయిదా పడ్డ ప్రతిసారీ షెడ్డు మూతపడింది. అతను పెట్టుకున్న నల్లకోటు వకీలు చివరికి ఒక సలహా ఇచ్చాడు. కొట్లాడితే ఏండ్లు పడతయి, ఒప్పుకుంటే పగటి బువ్వ యాళ్లకు ఇంట్ల ఉంటవన్నాడు. గోడే లేదని చెప్తే చాలదా అని సాల్మన్ అడిగాడు. గోడ లేదని రుజువు చెయ్యడానికి ఎవర్ని తెస్తవని ఆయన ఎదురడిగాడు.

కోర్టులో జడ్జిగారు తల ఎత్తకుండా తప్పు ఒప్పుకుంటున్నావా అని అడిగారు. ఒప్పుకుంటున్న అన్నాడు సాల్మన్. జరిమానా పెద్దదేం కాదు. నిజంగానే పగటి బువ్వకు ఇల్లు చేరాడు. బువ్వ మాత్రం తినలేదని అతని భార్య కృప తర్వాత వీరేశ్‌తో చెప్పింది.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టుకుని వరసల మధ్య తిరగాల్సిన సాల్మన్, సంచి ఇంకొకరికి ఇవ్వమని పాస్టరుగారికి చెప్పి వెనక బల్ల మీద కూర్చున్నాడు. కోర్టు సంగతి సంఘంలో ఎవరూ ఎత్తలేదు. సగం మందికి తెలియనే తెలియదు. వీరేశ్ ఉండబట్టలేక అడిగాడు, సంచేం పాపం చేసింది అన్నా అని.

"మా దాంట్ల పొరుగోని మీద అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దని ఉన్నది," అన్నాడు సాల్మన్. "నేను నా మీదనే చెప్పిన."

"నీ మీద నువ్వు చెప్పుకుంటే ఎవనికి నష్టం?"

"గదే నాకు సమజైతలేదు వీరేశూ."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. సాల్మన్ మళ్లీ పనిలో పడ్డాడు. చెరకు కొట్టే కూలీల ఇంట్లో పుట్టి, హైవే మీద ఒక గ్యారేజీలో లారీల కింద పడుకుని వెల్డింగ్ నేర్చుకున్న మనిషి. అతనికి పనే మాట, పనే తీరిక. నిప్పురవ్వలు పడి చిల్లులు పడని అంగీ అతనికి ఒక్కటీ లేదు. దవాఖానలో ఆయాగా పనిచేసే కృప, ఈయన అంగీలు పిండి జల్లించుకోవడానికి పనికొస్తయి అనేది. దసరాకు రైతులు కొత్త ట్రాలీ ముందు కొబ్బరికాయ కొడితే ఇతను చేతులు కట్టుకుని నిలబడేవాడు. వాళ్లు పెట్టిన ముక్క తినేవాడు, తన ప్రార్థన తను చేసుకునేవాడు. రెండూ కలిసి ఆ ట్రాలీ తిరగబడకుండా చూసుకుంటాయని నవ్వేవాడు.

కాలం మారింది. మహాదేవప్ప పోయాడు. గల్లా మీద వీరేశ్ ఒక్కడే మిగిలాడు. ట్రాలీలు ఎక్కడో తయారై, రంగులు వేసుకుని, లారీలెక్కి రావడం మొదలైంది. రైతు ఇప్పుడు ట్రాలీ చేయించుకోడు, కొనుక్కుంటాడు. విరిగితే అతికించడానికి మాత్రం సాల్మన్ దగ్గరికి వస్తాడు. ఇద్దరు పనివాళ్లకు వారమంతా పని చూపించడమే కష్టమైంది. రెండో కొస పట్టుకునేవాళ్లు తగ్గారు. సాల్మన్ రాళ్లు పేర్చి ఆనించుకుని ఒక్కడే అతుకు వేసేవాడు. కళ్లు మండుతున్నాయనేవాడు, మోకాళ్లు పట్టేస్తున్నాయనేవాడు. అయినా పొద్దున్నే వచ్చి గ్రైండర్ వైరు దులిపేవాడు.

అప్పుడే ఒక ట్రెయిలర్ల కంపెనీ మనిషి ఆ వరస షెడ్లన్నీ చూసుకుంటూ వచ్చాడు. ట్రాలీ వెనక తెరుచుకునే తోక తలుపులు, కొక్కేలు, పక్క పట్టీలు బయట చేయించుకుంటారట. ఏడాది పొడుగునా పని. సాల్మన్ వేసిన అతుకు మీద గోరుతో గీరి చూసి, బాగుందన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితం ఉన్న షెడ్డుకే ఇస్తామని, అదొక్కటి తెచ్చుకోమని చెప్పి పోయాడు. సాల్మన్‌కు జీవితంలో ఎప్పుడూ ఏడాది పొడుగునా పని దొరకలేదు. ఈ కాగితం వస్తే షెడ్డు నిలుస్తుంది, రాకపోతే నిలవదు. ఆ సంగతి అతనికీ తెలుసు, కృపకూ తెలుసు.

కాగితం రావడం ఇప్పుడు చాలా సులువని అందరూ అన్నారు. కొత్త చట్టాలొచ్చాయి. హైవే మీద ఒక ఫంక్షన్ హాల్‌లో చిన్న వ్యాపారులను పిలిచి సభ పెట్టారు. వీరేశ్, సాల్మన్ ఒకే బండి మీద పోయారు. స్టేజీ మీద ఒకాయన చక్కగా చెప్పాడు. ఇకమీదట చిన్న చిన్న తప్పులకు కోర్టులుండవు, జైళ్లుండవు. ఇన్‌స్పెక్టర్లు మీ గుమ్మం తొక్కరు. సర్కారు మిమ్మల్ని నమ్ముతున్నది. మీ గురించి మీరే రాసివ్వండి, చాలు. గడువులోగా జవాబు రాకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క.

"మా నాయిన పెండ్లప్పుడు గిట్లనే అయింది," అన్నాడు వీరేశ్ చెవిలో. "పిల్ల తరఫోళ్లు జవాబియ్యలే. ఇచ్చినట్టే అని లగ్గం పెట్టుకున్నరు."

సాల్మన్ నవ్వలేదు. స్టేజీ మీది మనిషినే చూస్తున్నాడు. గోడకు సున్నం లేకపోవడం లాంటివి ఇక నేరాలే కావని ఆయన ఉదాహరణగా చెప్పినప్పుడు, హాలంతా చప్పట్లు కొట్టింది. సాల్మన్ కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా. తర్వాత బగారా అన్నం పెట్టారు. తిరుగు దారిలో సాల్మన్, "నేరం కాదంటనా?" అని బండి వెనకనుంచి ఒకసారి అడిగాడు. కాదంట అన్నాడు వీరేశ్. కాసేపయ్యాక మళ్లీ అదే అడిగాడు.

బస్టాండు దగ్గర మహిధర్ అనే పిల్లగాడు ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. మొదట వీరేశ్ కూర్చున్నాడు. అతని దుకాణం వెనక ఖాళీ జాగా ఉంది. రేపు షెడ్డో గోదామో వేసుకుంటే పనికొస్తుందని తనూ ఒక రిజిస్ట్రేషన్ పెట్టుకుంటున్నాడు. ప్రశ్నలు ఒక్కొక్కటే వస్తుంటే మహిధర్ చదవకుండానే నొక్కుతూ పోయాడు. వ్యాపార, ఫ్యాక్టరీ చట్టాల కింద మీకెప్పుడైనా శిక్ష పడిందా అనే ప్రశ్న దగ్గర కూడా ఆగలేదు, 'కాదు' మీద నొక్కేశాడు. మహాదేవప్ప ఉన్న కాలంలో, ముద్ర లేని తరాజు పెట్టుకున్నందుకు వీరేశ్ పేరు మీద ఒక కేసు అయింది, జరిమానా పడింది. అది వీరేశ్‌కు గుర్తొచ్చింది, పోయింది. చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపే ఫోన్‌లోకి సర్టిఫికెట్ వచ్చింది, పైన జాతీయ చిహ్నంతో సహా.

తర్వాత సాల్మన్ కూర్చున్నాడు. అతను ప్రతి ప్రశ్నా చదవమన్నాడు. మహిధర్ విసుక్కుంటూ చదివాడు. శిక్ష ప్రశ్న దగ్గర పిల్లగాడి వేలు అలవాటుగా 'కాదు' మీదికి పోయింది.

"ఆగు," అన్నాడు సాల్మన్. "పడ్డది కద."

"అన్నా, అది ఎవరూ చూడరే," అన్నాడు మహిధర్.

వీరేశ్ నచ్చజెప్పాడు. ఆ చట్టమే పోయింది, ఆ నేరమే నేరం కాదు, మొన్న సభలో నీ చెవులతో విన్నవు కదా అన్నాడు.

"చట్టం పోయింది. నేను ఒప్పుకున్నది పోయిందా?"

"అప్పుడు చెప్పింది అబద్ధమని నువ్వే అంటివి గదనే. ఇప్పుడు 'కాదు' అంటే నిజం చెప్పినట్టే."

సాల్మన్ చాలాసేపు కంప్యూటర్ వంక చూశాడు. శిక్ష పడిందా అని అడుగుతున్నది, తప్పు చేసినవా అని అడుగుతలేదు అన్నాడు చివరికి. శిక్ష పడిన మాట నిజం. అప్పుడు జల్దీ ఇంటికి పోవాలని ఒక అబద్ధం చెప్పిన, ఇప్పుడు జల్దీ కాగితం రావాలని ఇంకోటి చెప్పాల్నా అన్నాడు. సర్కారు నమ్ముతున్న అన్నది గద, నమ్మనీ అన్నాడు.

'అవును' మీద నొక్కించాడు. వెంటనే కింద ఇంకో గడి తెరుచుకుంది: ఏ సెక్షన్, ఏ కోర్టు, ఏ సంవత్సరం. గోడ లేదని చెప్పుకోవడానికి గడి లేదు. సాల్మన్ దరఖాస్తు పరిశీలనలో ఉందని వచ్చింది. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అనే మాట, శుభ్రంగా ఉన్నవాళ్లకేనట. పరిశీలనలో పడ్డవాళ్లకు గడువే లేదు.

మనిషిని నమ్మే చట్టం, 'కాదు' అని నొక్కినవాణ్ణి నమ్మింది, 'అవును' అన్నవాణ్ణి పక్కన నిలబెట్టింది. మన దగ్గర నమ్మకానికి అంతకంటే అర్థం ఎప్పుడూ లేదు.

రోజులు గడిచాయి. కంపెనీ మనిషి రెండుసార్లు ఫోన్ చేశాడు. చివరికి వీరేశ్ సాల్మన్‌ను వెంటబెట్టుకుని సంగారెడ్డి ఆఫీసుకు పోయాడు. అక్కడ ఒక చిన్న వయసు మేడమ్ లేచి కుర్చీ చూపించింది, మంచినీళ్లు తెప్పించింది. అంత మర్యాద జరిగే ఆఫీసు సాల్మన్ అదివరకు చూడలేదు, కుర్చీ అంచున కూర్చున్నాడు. ఆమె కంప్యూటర్లో చూసి, తన చేతిలో ఏమీ లేదనీ, శిక్ష కొట్టేయించుకోవాలంటే పై కోర్టుకు పోవాలనీ చెప్పింది. మీరు 'అవును' అనకపోతే ఇది నా దాకా వచ్చేదే కాదని కూడా అన్నది. ఎత్తిపొడుపు కాదు, బాధగానే అన్నది.

"మేడమ్, ఒక్కసారి ఇన్‌స్పెక్టర్‌ను పంపుండ్రి," అన్నాడు సాల్మన్. "గోడ ఉన్నదో లేదో వచ్చి చూస్తడు."

"ఇప్పుడు అట్లా ఎవరూ రారండీ. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదనే ఆ పద్ధతి తీసేశారు."

"ఇబ్బంది పెట్టుండ్రి మేడమ్. ఒక్కసారి."

ఆమె నవ్వబోయి ఆగింది. వీరేశ్ తల దించుకున్నాడు. తిరుగు బస్సులో సాల్మన్ కిటికీ పక్కన కూర్చుని, ఎదురొచ్చే లారీల మీద కొత్త ట్రాలీలను చూస్తూ వచ్చాడు. ముందైతే ఒక మనిషి ఉండె, తిట్టుకుంటుంటిమి, దండం పెడుతుంటిమి, ఇప్పుడు ఎవనికి పెట్టాలె అని ఒక్క మాట అన్నాడు.

ఆర్డరు చేజారిపోయేలా ఉందని చెప్పి వీరేశే దారి చూపించాడు. నా పేరు మీద సర్టిఫికెట్ ఉంది, వెనక జాగా ఉంది, షెడ్డు వేస్తా, నువ్వు వచ్చి పని చెయ్ అన్నాడు. అందులో మంచితనం ఉంది, లాభమూ ఉంది, ఏది ఎంతో వీరేశ్ తూచుకోలేదు. సాల్మన్ రెండు రోజులు తన షెడ్డులోనే రాళ్లు పేర్చి అతుకులు వేసుకున్నాడు. మూడో రోజు తన వెల్డింగ్ మిషన్ను తనే తోసుకుంటూ వచ్చాడు. ఈసారి షెడ్డుకు ఇటుక గోడలు లేచాయి, సున్నం కూడా పడింది. తెల్లటి గోడను సాల్మన్ వేలితో రుద్ది, వేలు చూసుకుని, అంగీకి తుడుచుకున్నాడు.

పని బాగా సాగింది. సాల్మన్, అతని ఇద్దరు మనుషులు, వీరేశ్ తెచ్చిన ఇంకొందరు. కాగితంలో మాత్రం వీరేశ్ పనివాళ్లు ఇద్దరే అని రాసుకున్నాడు. ఎక్కువ రాస్తే బీమాలు, ఫండులు, లేనిపోని లొల్లి. అందరూ అట్లాగే రాస్తారు. సాల్మన్ ఒకసారి, ఎంతమందిమని రాసినవని అడిగాడు. వీరేశ్ వేరే మాట ఎత్తుకున్నాడు. సాల్మన్ మళ్లీ అడగలేదు.

సర్కారు ఇన్‌స్పెక్టర్లు పోయారు గానీ కంపెనీకి సొంత ఇన్‌స్పెక్టర్లు ఉంటారని వీరేశ్‌కు తెలియదు. ఒక పొద్దున ఫోన్ వచ్చింది. మనిషి దారిలో ఉన్నాడు, కాగితంలో రాసినట్టే అంతా ఉందో లేదో చూసుకుంటాడు. వీరేశ్ ఇద్దర్ని పనిలో ఉంచి, మిగిలినవాళ్లను దుకాణం ముందు బెంచీ మీద కూర్చోమన్నాడు. సాల్మన్‌ను కూడా.

"జర సేపు కూసో అన్నా. ఆయన పోంగనే లేద్దువు."

సాల్మన్ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, బెంచీ చివర కూర్చున్నాడు.

కంపెనీ కుర్రవాడు వచ్చాడు. గోడలు చూశాడు, బోర్డులు చూశాడు, పనిలో ఉన్న ఇద్దరిని ఫోటో తీసుకున్నాడు. బయటికి వచ్చి బెంచీ వంక చూసి, వీళ్లెవరని అడిగాడు.

"గిరాకులు," అన్నాడు వీరేశ్.

అనగానే అతనికి జీపు గుర్తొచ్చింది. ఇదే జాగాలో, ఇదే మాటను సాల్మన్ పరుగెత్తుతూ చెప్పాడు. అప్పుడది నిజం, ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు కుర్రవాడు తల ఊపి, ఏదో నొక్కుకుని, కారెక్కాడు. బెంచీ మీది చేతులు నల్లగా ఉన్నాయి. వాటి వంక చూడనే లేదు.

కారు మలుపు తిరిగింది. మిగిలినవాళ్లు నవ్వుకుంటూ లోపలికి పోయారు. సాల్మన్ మాత్రం లేచి నల్లా దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి, గోళ్ల సందుల్లో కూడా, పండక్కి పోయేవాడిలా కడుక్కుని ఇంటికి పోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే కృప ఎత్తి, పాణం బాగలేదంట అన్నది.

ఆ వారం చివర, పొద్దుటి పూట, వీరేశ్ దుకాణం తెరుస్తుంటే పక్క పాత షెడ్డులో చప్పుడైంది. సాల్మన్ రేకులు విప్పుతున్నాడు. కింద ట్రాలీ ఆటో నిలబడి ఉంది, అందులో వెల్డింగ్ మిషన్ అప్పటికే ఎక్కింది. హుమ్నాబాద్ దగ్గర కృప తమ్ముడికి చిన్న దుకాణం ఉందట, నాగటి కర్రులు సాగగొట్టే పని ఇంకా అక్కడ నడుస్తున్నదట. కృప దవాఖాన నౌకరీ విడిచిపెట్టలేక ఇక్కడే ఉంటుంది, అతను వారానికోసారి వచ్చిపోతాడు.

వీరేశ్ నిచ్చెన కింది కొస పట్టుకున్నాడు. సాల్మన్ అందించిన రేకులు ఒక్కొక్కటే కిందికి దించాడు. చివరి రేకు దిగాక నాలుగు పైపులే మిగిలాయి, ఎండ సూటిగా నేల మీద పడింది. అప్పుడు వీరేశ్, వచ్చే నెల నుంచి పేర్లు సరిగ్గా రాయిస్తా, ఉండిపో అన్నాడు. తన గొంతు తనకే నమ్మబుద్ధి కాలేదు. నా మీద కోపమొచ్చిందా అని అడిగాడు.

సాల్మన్ ఆటోలో కూర్చుని, తుడుచుకున్న కళ్లద్దాలు జేబులో పెట్టుకున్నాడు.

"కోపమేంది వీరేశూ. నీ తాన తిన్న, మీ నాయిన తాన తిన్న. నాకు ఓపిక లేదు, అంతే. ఎప్పుడన్న ఎవరన్న వచ్చి, ఇక్కడ ఎవరెవరు పనిచేసిన్రని అడిగితే, నా పేరు చెప్పు. గది మాత్రం నిజం."